తడబడే అడుగు బద్ధకం కాదు

పిల్లలూ! మీరు మొదటిసారి సైకిలు ఎక్కిన రోజు గుర్తుందా? మా చిన్నతనంలో చిక్కడపల్లి సందుల్లో సైకిళ్లు కిరాయికిచ్చే దుకాణాలుండేవి. గంటకింత అని చెల్లించి పెద్ద సైకిలు తెచ్చుకునేవాళ్లం. సీటు అందక కైంచీ తొక్కుతూ, మోకాళ్లు చీరుకుంటూ నేర్చుకునేవాళ్లం. నాలుగైదు రోజులకు సైకిలు మా మాట వినేది. ఆ నాలుగైదు రోజుల్లో మా మెదడు, కండరాలు, కీళ్లు కలిసి ఎంత పని చేశాయో మాకెవరికీ తెలియదు.

ఆ సంగతి నాకు సరిగ్గా తెలియజెప్పినవాడు పన్నెండేళ్ల కుర్రవాడు. అతను నా విద్యార్థి కాడు. నా విద్యార్థినికి తమ్ముడు.

నేను నారాయణగూడ దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో సైన్సు చెబుతాను. తొమ్మిదో తరగతి చదివే ఆ అమ్మాయి ఇల్లు అశోక్ నగర్‌లో ఉంది. ఒక సాయంత్రం ఏదో పనిమీద వాళ్లింటికి వెళ్లాను. తమ్ముడు మెట్లు దిగుతున్నాడు. గోడ పట్టుకుని, ప్రతి మెట్టు మీద రెండు కాళ్లూ ఆనించి, మెల్లగా దిగుతున్నాడు. వయసుకు తగిన ఎత్తు లేడు. ఒళ్లు మాత్రం కాస్త ఎక్కువే. నేను నవ్వుతూ, "వీడు బద్ధకస్తుడల్లే ఉన్నాడే! తిండి తగ్గించి రోజూ నాలుగు రౌండ్లు పరుగెత్తించండమ్మా" అన్నాను. వాళ్లమ్మ ఏమీ అనకుండా లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడు పాఠం అయ్యాక ఆ అమ్మాయి లేచి నిలబడింది. "సార్, మా తమ్మునికి డౌన్ సిండ్రోమ్ ఉంది సార్. బద్ధకం గూడ క్రోమోజోములల్ల ఉంటదా సార్?" అని అడిగింది.

పాతికేళ్లకు పైగా పాఠాలు చెబుతున్న నాకు నోట మాట రాలేదు. "తెలుసుకుని చెబుతానమ్మా" అన్నాను. ఆ వారమంతా సాయంత్రాలు చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయంలో కూర్చుని చదివాను. తెలిసిన వైద్యులను అడిగాను. ఆ అమ్మాయికి నేను చెప్పిన జవాబే ఇప్పుడు మీకూ చెబుతాను.

ఒకటి ఎక్కువైతే ఏమవుతుంది?

మన శరీరంలో దాదాపు ప్రతి కణంలోనూ 46 క్రోమోజోములు, అంటే 23 జతలు ఉంటాయి. పూర్వం 48 అనుకునేవారు. జో హిన్ చియో, ఆల్బర్ట్ లెవాన్ అనే శాస్త్రజ్ఞులు స్వీడన్‌లో పనిచేస్తూ 1956లో అసలు లెక్క 46 అని తేల్చారు. మరి మూడేళ్లకు, 1959లో, ఫ్రాన్సులో జెరోమ్ లెజూన్, మార్త్ గోతియే, రేమోన్ తుర్పిన్ అనే ముగ్గురు వైద్యులు ఒక కొత్త విషయం ప్రకటించారు. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల కణాల్లో 47 క్రోమోజోములున్నాయి. 21వ క్రోమోజోము రెండుకు బదులు మూడు ఉంది. ఈ పరిస్థితిని 1866లోనే వర్ణించిన ఆంగ్ల వైద్యుడు జాన్ లాంగ్డన్ డౌన్ పేరుమీద దానిని డౌన్ సిండ్రోమ్ అంటున్నాం.

ఈ మూడవది ఎక్కడి నుంచి వచ్చింది? అండంగాని, శుక్రకణంగాని తయారయ్యేటప్పుడు ప్రతి జతలోని రెండు క్రోమోజోములూ విడిపోవాలి. అరుదుగా 21వ జత విడిపోకుండా ఒకే వైపుకు పోతుంది. నూటికి సుమారు 95 మందిలో జరిగేది ఇదే. తల్లి వయసు పెరిగినకొద్దీ ఇలా జరిగే అవకాశం పెరుగుతుంది. అయినా ఏ వయసు తల్లికైనా జరగవచ్చు. గ్రహణం చూసినందువల్ల రాదు, ఫలానా తిండి తిన్నందువల్ల రాదు. ఇందులో ఎవరి తప్పూ లేదు. ప్రపంచంలో సుమారు వెయ్యి మంది శిశువుల్లో ఒకరు ఇలా పుడతారు. 21వ క్రోమోజోము మూడు ఉంటుంది కనుక మూడవ నెల 21వ తేదీని, అంటే మార్చి 21ని, ఐక్యరాజ్య సమితి 2012 నుంచి ప్రపంచ డౌన్ సిండ్రోమ్ దినంగా పాటిస్తోంది.

21వ క్రోమోజోము మన క్రోమోజోములన్నిటిలోకీ చిన్నది. దానిలో ప్రొటీన్లు తయారుచేయించే జన్యువులు రెండు వందల పైచిలుకు మాత్రమే. ఐతే రెండు చెంచాల చింతపండు పులుసు పోయవలసిన చోట మూడు పోస్తే కూర రుచి అంతా మారిపోతుంది కదా! అలాగే ఈ మూడో ప్రతి వల్ల కొన్ని ప్రొటీన్ల మోతాదు మారి, మెదడు, గుండె, కండరాలు, కీళ్లు పెరిగే తీరు మారుతుంది.

కదలిక వెనుక ఎవరెవరు పనిచేస్తారు?

నారాయణగూడ వై.ఎం.సి.ఎ. మైదానంలో బాస్కెట్‌బాల్ ఆడేవాళ్లను గమనించండి. బంతి వస్తున్నదని కళ్లు చెబుతాయి. పెద్దమెదడు "పట్టుకో" అని ఆజ్ఞ ఇస్తుంది. చేతి కండరాల్లో ఒకటి ముడుచుకుంటుంటే దాని ఎదుటిది సడలుతుంది. తలకు వెనుకవైపు అడుగున ఉన్న చిన్నమెదడు, ఇచ్చిన ఆజ్ఞను, జరుగుతున్న కదలికను పోల్చి చూసి, తేడా ఉంటే సరిచేస్తూ ఉంటుంది. ఇదంతా సెకనులో చిన్న భాగంలో జరిగిపోతుంది. అవయవాల ఈ పొందికనే చలన సమన్వయం అంటారు.

డౌన్ సిండ్రోమ్ ఉన్నవారిలో ఈ పొందికకు నాలుగు చోట్ల ఇబ్బంది ఎదురవుతుంది.

మొదటిది కండరాల బిగువు. మనం కదలకుండా ఉన్నప్పుడు కూడా కండరాల్లో కొంచెం బిగువు ఉంటుంది, శ్రుతి చేసిన తీగలాగ. వీరిలో అది పుట్టుక నుంచీ తక్కువ. తీగ వదులుగా ఉంటే ముందు దానిని బిగించి తర్వాత మీటాలి. అందుకే కదలిక ఆలస్యంగా మొదలవుతుంది.

రెండవది సంధి బంధనాలు. ఎముకను ఎముకతో కలిపి ఉంచే ఈ పట్టీలు వీరిలో వదులుగా ఉంటాయి. కీళ్లు మామూలు కన్నా ఎక్కువగా వంగుతాయి. నిలబడినప్పుడు పాదం మధ్యలోని వంపు కిందికి దిగి చదునవుతుంది. కదిలే కీలును స్థిరంగా నిలపడానికి కండరాలు మరింత కష్టపడాలి.

మూడవది చిన్నమెదడు. వీరిలో అది మెదడులోని ఇతర భాగాలతో పోల్చినా చిన్నదిగా ఉంటుంది. కనుక తప్పులు దిద్దుకునే పని నెమ్మదిగా సాగుతుంది, ఎక్కువ సాధన కోరుతుంది.

నాలుగవది కొలతలు. ఎత్తు తక్కువ. చేతులు, కాళ్లు, వేళ్లు పొట్టి. పెద్దవాళ్ల కొలతలకు కట్టిన మెట్టు మనకు మామూలు మెట్టే, వారికి మాత్రం ఎత్తైన మెట్టు.

ఇవన్నీ కలిసి, చాలామంది పిల్లలు ఏడాది వయసుకు వేసే మొదటి అడుగును వీరు సగటున రెండేళ్ల వయసుకు వేస్తారు. ఆలస్యంగానైనా వేస్తారన్నది మరిచిపోకూడదు.

మీరే చేసి చూడండి

సబ్బునీళ్లు పడిన బండల మీద మీరెలా నడుస్తారు? కాళ్లు ఎడంగా పెట్టి, చిన్న చిన్న అడుగులతో, ఒళ్లంతా బిగబట్టి, గోడ అందుకుంటూ నడుస్తారు. దూరం నుంచి చూసేవాడికి మీరు మొద్దుగా నడుస్తున్నట్లుంటుంది. నిజానికి అది తెలివైన నడక. పడకుండా ఉండడానికి మెదడు వేగాన్ని వదులుకుని భద్రతను ఎంచుకున్నది. డౌన్ సిండ్రోమ్ ఉన్నవారు కీలుకు రెండువైపుల కండరాలనూ ఒకేసారి బిగించి కదులుతారని పరిశోధకులు గమనించారు. వారి శరీరానికి అది భద్రమైన పద్ధతి. ఆ కుర్రవాడు మెట్లు దిగుతుంటే నేను చూసినది అదే. చూసి బద్ధకమన్నాను!

ఇంకొక ప్రయోగం. రెండు చేతులకూ మందపాటి మేజోళ్లు తొడుక్కుని చొక్కా గుండీలు పెట్టుకోండి. మీ స్నేహితుణ్ణి గడియారం చూడమనండి. మామూలుగా పట్టే సమయం ఎంత? ఇప్పుడు ఎంత? గుండీ ఎలా పెట్టుకోవాలో మీకు తెలుసు, తెలివి తగ్గలేదు, మనసూ ఉంది. వేళ్లే సహకరించడం లేదు. పక్కన నిలబడి ఎవరైనా "తొందరగా కానీ!" అని అరిస్తే ఎలా ఉంటుందో కూడా చూడండి.

ఒళ్లు ఎందుకు వస్తుంది?

ఇక రెండో ప్రశ్నకు వద్దాం. త్రాసు మన బరువు చెబుతుంది గాని, ఆ బరువు దేనిదో చెప్పదు. 150 సెం.మీ. ఎత్తు, 45 కి.గ్రా. బరువు ఉన్న ఇద్దరిని తీసుకోండి. బరువును మీటర్లలో ఎత్తు వర్గంతో భాగిస్తే ఇద్దరికీ 20 వస్తుంది. దీన్నే శరీర ద్రవ్యరాశి సూచిక అంటారు. కాని ఒకరిలో కండరం ఎక్కువ, ఇంకొకరిలో కొవ్వు ఎక్కువ ఉండవచ్చు. ఎముక, కండరం, కొవ్వు, నీరు ఏ పాళ్లలో ఉన్నాయన్నదే శరీర కూర్పు.

దీన్ని కొలవడానికి మన పాత మిత్రుడు ఆర్కిమిడీస్ సాయం చేస్తాడు. కొవ్వు సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 0.9 గ్రాములు. కొవ్వు కాని భాగం సాంద్రత సుమారు 1.1 గ్రాములు. మనిషిని గాలిలో ఒకసారి, నీటిలో ముంచి ఒకసారి తూచితే శరీర సాంద్రత, దానినుంచి కొవ్వు పాలు తెలుస్తాయి. ఇప్పుడైతే తక్కువ మోతాదు ఎక్స్-కిరణాలతో పడుకోబెట్టి కొలిచే యంత్రాలున్నాయి.

ఇలా కొలిచి చూసినప్పుడు డౌన్ సిండ్రోమ్ ఉన్నవారిలో, ముఖ్యంగా యుక్తవయసు నుంచి, కొవ్వు పాలు ఎక్కువగా, కండరం పాలు తక్కువగా కనబడుతున్నది. ఎముకల్లో ఖనిజాల సాంద్రత కూడా తరచు తక్కువ. కారణం తిండిపోతుతనమా? కాదు. కారణాలు ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి.

విశ్రాంతిగా ఉన్నప్పుడు కిలో కండరం రోజుకు సుమారు 13 కిలోకేలరీలు ఖర్చు చేస్తుంది. కిలో కొవ్వు 4, 5 కిలోకేలరీలే ఖర్చు చేస్తుంది. కండరం తక్కువైతే ఖర్చు తక్కువ, మిగులు ఎక్కువ. ఆ మిగులు కొవ్వుగా నిలవ అవుతుంది. పైగా మెడలోని అవటు గ్రంథి మందగించడం వీరిలో చాలా మామూలు. థైరాక్సిన్ తగ్గితే శరీరపు పొయ్యి మంట తగ్గినట్లే. ఇక గుండె. పదిహేనేళ్ల పిల్లవాడు శక్తికొద్దీ పరుగెత్తితే గుండె నిమిషానికి 200 సార్ల దాకా కొట్టుకుంటుంది. డౌన్ సిండ్రోమ్ ఉంటే ఆ పైహద్దు సుమారు 30 తక్కువ. కనుక ఇతరులతో సమానంగా పరుగెత్తమంటే తొందరగా అలసిపోతారు.

ఇప్పుడు మొదటి కథను దీనికి కలపండి. అడుగు తడబడుతుంది కనుక ఆటలో చేర్చుకోరు. ఆడరు కనుక కండరం పెరగదు, సాధన ఉండదు. కండరం లేదు కనుక కొవ్వు పెరుగుతుంది. ఒళ్లు పెరిగితే అడుగు ఇంకా బరువవుతుంది. గానుగ ఎద్దులాగ ఇదే చుట్టు. ఈ చుట్టులో ఒక భాగం క్రోమోజోముది. "ఆటలో చేర్చుకోరు" అన్న భాగం మాత్రం మనది!

చుట్టు తెగుతుందా?

తెగుతుంది. అమెరికాలో డేల్ అల్రిచ్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు 2001లో ఒక ఫలితం ప్రకటించారు. డౌన్ సిండ్రోమ్ ఉన్న 30 మంది పసిపిల్లల్లో కొందరిని తల్లిదండ్రులు ఇంట్లోనే, మెల్లగా కదిలే చిన్న పట్టీ మీద నిలబెట్టి పట్టుకుని అడుగులు వేయించారు. రోజుకు 8 నిమిషాలు, వారానికి 5 రోజులు. అంతే. వారు మిగతావారికంటే సగటున 101 రోజులు ముందుగా సొంతంగా నడిచారు.

2011లో అదే పరిశోధకుడి బృందం 8 నుంచి 15 ఏళ్ల పిల్లలకు రెండు చక్రాల సైకిలు నేర్పింది. అయిదు రోజుల్లో సగం మందికి పైగా నేర్చుకున్నారు. ఏడాది తర్వాత చూస్తే, నేర్చుకున్నవారు కదలకుండా కూర్చునే సమయం రోజుకు గంటకు పైగా తగ్గింది. ఒంటి కొవ్వు విషయంలోనూ మేలు కనిపించింది.

2020 నవంబరులో క్రిస్ నికిచ్ అనే 21 ఏళ్ల అమెరికన్ యువకుడు, డౌన్ సిండ్రోమ్ ఉన్నవారిలో మొదటివాడుగా, ఐరన్‌మ్యాన్ పోటీని పూర్తిచేశాడు. సుమారు 3.8 కి.మీ. ఈత, 180 కి.మీ. సైకిలు, 42 కి.మీ. పరుగు! గడువు 17 గంటలు. అతనికి పట్టింది 16 గంటల 46 నిమిషాలు.

అశోక్ నగర్‌లో ఒక వేసవి

ఇదంతా ఆ అమ్మాయికి చెప్పాక, వాళ్లింటికి వెళ్లి, "అమ్మా, ఆ రోజు నేనన్న మాట తప్పు" అన్నాను. "మీరొక్కరే కాదు సార్, అందరు అంటరు" అంది ఆమె. కాసేపాగి, "ఇంతకీ వీనికి సైకిలు వస్తదంటరా సార్?" అని అడిగింది.

ముందు వైద్యునికి చూపించారు. ఇది చాలా ముఖ్యం. డౌన్ సిండ్రోమ్‌తో పుట్టినవారిలో సుమారు సగం మందికి పుట్టుకతో గుండెలో లోపం ఉంటుంది. కొందరిలో మెడలోని మొదటి రెండు వెన్నుపూసల మధ్య పట్టు వదులుగా ఉంటుంది. అటువంటివారు పల్టీలు కొట్టడం, తల ముందుగా నీళ్లలోకి దూకడం ప్రమాదం. గుండె, మెడ, అవటు గ్రంథి చూసి, సైకిలు నేర్చుకోవచ్చునని వైద్యుడు చెప్పాడు.

అక్క పాత సైకిలు సీటు కిందికి దించాం. మెకానిక్ రెండు పెడళ్లూ విప్పాడు. (ఎడమ పెడలు మర తిరగేసి ఉంటుంది. ఎందుకో ఆలోచించండి!) కోచింగ్ సెంటర్ల విద్యార్థులతో రోడ్లు నిండకముందే, పొద్దున్నే ఆరింటికి, వాళ్ల సందులో సాధన. నేను ఎలాగూ ఆ వేళకు ఇందిరా పార్కుకు నడకకు వెళతాను కనుక దారిలో ఆగేవాణ్ణి. మాటలతో చెప్పడం కంటే చేసి చూపిస్తే వీరు బాగా పట్టుకుంటారు. అందుకని అక్క ముందు చేసి చూపేది, తమ్ముడు చేసేవాడు. కాళ్లతో నేలను తన్నుకుంటూ పోవడం, తర్వాత కాళ్లు పైకెత్తడం. ఎంతదూరం కాళ్లు ఆనకుండా వచ్చాడో అక్క సుద్దముక్కతో గీత గీసేది. ఏప్రిల్‌లో గీతలు అడుగు అడుగు దూరంలో ఉన్నాయి. మే నెలాఖరుకు ఒక కరెంటు స్తంభం నుంచి ఇంకో స్తంభం దాకా వచ్చాయి. అప్పుడు పెడళ్లు బిగించాం. జూన్‌లో బడులు తెరిచే వారంలో అక్క సీటు వెనుక చెయ్యి వదిలేసింది. అతనికి ఆ సంగతి తెలియదు. సందు చివరిదాకా పోయాక వెనక్కి తిరిగి చూసి కేక పెట్టాడు.

అయిదు రోజులు కాదు, రెండు నెలలు పట్టింది. దిగడం నేర్చుకోవడానికి దసరా దాకా పట్టింది. త్రాసు చూస్తే బరువు పెద్దగా తగ్గలేదు. వాళ్లమ్మ దిగులుపడింది. కాని నిక్కరు నడుం దగ్గర వదులైంది. మెట్టుకొక కాలు వేసి దిగుతున్నాడు. అంటే ఏమిటో మీరిప్పుడు చెప్పగలరు కదా? కొవ్వు తగ్గి కండరం పెరిగితే త్రాసు పట్టుకోలేదు.

తెలుసుకోవలసిన మరి కొన్ని విషయాలు

సికింద్రాబాదులోని మనోవికాస్ నగర్‌లో ఇటువంటి పిల్లలకు శిక్షణ, తల్లిదండ్రులకు సలహా ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ 1984 నుంచి ఉంది. దానిని చాలామంది ఇప్పటికీ పాత పేరుతో ఎన్.ఐ.ఎం.హెచ్. అంటారు. ఇప్పటి పేరు ఎన్.ఐ.ఇ.పి.ఐ.డి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం, నిర్ణీత స్థాయిలో వైకల్యం ఉన్న 6 నుంచి 18 ఏళ్ల పిల్లలకు దగ్గరి బడిలోగాని, ప్రత్యేక బడిలోగాని ఉచితంగా చదువుకునే హక్కు ఉంది. కనుక రేపు మీ తరగతిలోనే, మీ బెంచీ మీదనే, ఇటువంటి స్నేహితుడు కూర్చోవచ్చు.

అమెరికాలో 1983లో డౌన్ సిండ్రోమ్ ఉన్నవారి సగటు ఆయువు సుమారు 25 ఏళ్లు. ఇప్పుడు 60 దగ్గరికి వచ్చింది. గుండె శస్త్రచికిత్సలు, మందులు ఆయువు పెంచాయి. ఆ అరవై ఏళ్లూ గోడ పట్టుకుని నడవాలా, ధైర్యంగా నడవాలా అన్నది చిన్నప్పటి సాధన మీద, పక్కనున్న మన మీద ఆధారపడి ఉంటుంది.

ఇంతకీ ఆ అమ్మాయి ప్రశ్నకు జవాబు: లేదమ్మా, 21వ క్రోమోజోము మీద బద్ధకం అనే జన్యువు లేదు. మీ వీధిలో నెమ్మదిగా నడిచే పిల్లవాడు ఎవరైనా ఆటను దూరం నుంచి చూస్తూ నిలబడి ఉంటే, ఈ సాయంత్రం అతన్ని పిలవండి. బంతి కాస్త మెల్లగా వేయండి. ఒకటికి నాలుగు సార్లు వేయండి. అతనికి కావలసినది మనకంటే ఎక్కువ సార్లు చేసి చూసే అవకాశం.